ఆనందమ్మ బండ పక్కన పువ్వు

చొప్పదండి,
ఆగస్టు 11.

జైనూర్ అడవుల నడుమ పిల్లలకు లెక్కలు చెప్పుకుంట బతుకుతున్న నా మరదలు జ్యోతిరాణికి, బావ సాల్మన్ వందనాలు. నిన్ను కాచేటోనికి నిద్ర అక్కర లేదు, నువ్వన్న జర మంచిగ నిద్రపో.

ఫోన్ చేతిల ఉండంగ ఉత్తరమేంది అనుకుంటవు. ఫోన్ల మనం మాట్లాడుతున్నమా? నువ్వు ‘బావా’ అంటవు, నేను ‘ఆ’ అంట, ఆ తర్వాత ఇద్దరం ముక్కులు చీదుకుంటం. మీ అక్క పోయినకాడి నుంచి ఇదే కథ. అపొస్తలుడు జైల్ల కూసుండి సంఘాలకు ఉత్తరాలు రాసిండు. నాకు ఇల్లే జైలైంది, అందుకే కాయితం పట్టిన. జమ్మికుంట మార్కెట్ల పత్తి బస్తాలు మోసిన చెయ్యి ఇది, బైబిల్ వాక్యం చూసి అక్షరం నేర్చిన చెయ్యి. వంకరపోతే సర్దుకో.

మార్చిల మీ అక్క మీద మట్టి వేసిన నాడు నువ్వన్న మాట నేను మరువలే. ‘దవాఖానకు తీస్కపోకుండ రోజంత ప్రార్థన పెట్టి మా అక్కను సంపినవు బావా’ అన్నవు, చర్చి సంఘమంత వినంగ. ఆమె వాంతులు చేసుకుంటుంటే నేను మోకాళ్ల మీద ఉన్న. ఊరూరు తిరిగి వాక్యం చెప్పిన నేను ఆనాటి నుంచి ప్రసంగం చెయ్యలే. ఆదివారం వెనక బెంచీల కూసుండి వస్తున్న. ‘సింహం గొంతుల పిల్లి దూరింది’ అని సంఘపెద్ద రాంచందర్ నవ్విండట. నవ్వనియ్యి.

అసలు సంగతి చెప్త. పెరట్ల మీ అక్క బట్టలుతికే బండ ఉన్నది కదా, దాని పక్కన వానలకు ఒక తీగ లేచింది. నేను నాటలే. కలుపనుకొని పీకబోయిన, ఎవరో చెయ్యి పట్టినట్టయి ఆగిన. పోయిన వారం పూసింది. జ్యోతీ, అసొంటి పువ్వు నా జన్మల చూడలే! రేకులు కిందికి వాలవు, పొయ్యిల మంట లెక్క మీదికి లేస్తయి. మొదలు పసుపు, కొసలు ఎరుపు, అంచులు అలలు అలలుగ. ఆకు కొస సన్నగ సాగి, చుట్టుకొని, దడి కట్టెను పట్టుకుంటది. ఆకే చెయ్యి అన్నట్టు.

పక్కింటి కిష్టవ్వ, మీ అక్క దోస్తు, ‘ఇయ్యి అయ్యగారూ, బతుకమ్మల పేరుస్త’ అన్నది. ఆమె కోడలు నిఖితయితే ‘ప్లాస్టిక్ పువ్వేమో గిచ్చి చూడున్రి’ అన్నది. సంఘంల గిటారు కొట్టే సిద్ధు ఫోన్ల ఫోటో తీసి చూస్తే, ఫోన్ ‘లిల్లీ’ అన్నది. దాని కింద ఇంగ్లీషుల చానా రాసి ఉండె. వాడు చదవబోతే నేనే ఆపిన. లిల్లీ అంటే చాలదా? పొలంల పువ్వు నూలు వడకదు, అయినా సొలొమోను రాజు కూడ దానంత మంచిగ తొడుక్కోలేదని ప్రభువు అననే అనె. సాల్మన్ అంటే ఆ సొలొమోనే. నా లుంగీ చూసుకున్న, పువ్వును చూసిన. నిజమే అనిపించింది.

కాని ఊరందరికి తెల్వని లిల్లీ ఏంది? నువ్వు అడవి దిక్కు ఉన్నవు. దాని పేరు చెప్పు. పేరు తెలిస్తే పొద్దున లేసి పేరు పెట్టి పిలుస్త. ఈ ఇంట్ల పిలవనీకి ఎవ్వరు లేరు.

నీ బావ,
సాల్మన్


జైనూర్,
ఆగస్టు 23.

బావకు,

ఉత్తరం అందింది. నేను బాగనే ఉన్న. బడి నడుస్తున్నది.

నువ్వు చెప్పిన పువ్వు ఏందో నాకు తెల్వది. వానకాలం ఇక్కడ అడుగుకో పువ్వు. నేను పొద్దంత పిల్లలతోని ఎక్కాలు చదివిస్త, పువ్వుల దిక్కు చూసే తీరిక లేదు. ఫోటో తీయించి పంపు, ఎవర్నన్న అడుగుత. మా అక్క ఏదో ఒకటి నాటే ఉంటది. పగిలిన బకెట్ల చింతగింజ పెట్టి ‘చెట్టయితది సూడు’ అన్న మనిషి ఆమె. నువ్వు ఊర్లు తిరిగి మనుషుల ఆత్మలు కాపాడుతుంటే, ఆమె ఇంటికాడ మెంతికూర కాపాడింది.

మట్టి వేసిన నాటి మాట నువ్వే తీసినవు కాబట్టి చెప్తున్న. ఆ మాట నేను వెనక్కి తీసుకోను. దవాఖానల ఆమె తల దువ్వింది నేను. దువ్వితే వెంట్రుకలు కుచ్చులు కుచ్చులు ఊడి చేతికొచ్చినయి. ‘జడ సన్నగైతుందే జ్యోతీ’ అని ఆమె నవ్వింది. అసొంటి స్థితిల ఉన్న మనిషిని ఒక రోజు ముందు తెస్తే ఎట్లుండేదో అని నేను రోజు అనుకుంట. నువ్వు కూడ అనుకుంటున్నవని తెలుసు. అయినా నా కోపం పోతలేదు, ఏం చెయ్యాలె?

వేళకు తిను.

జ్యోతిరాణి


చొప్పదండి,
సెప్టెంబరు 18.

నా కోపపు మరదలికి, బావ సాల్మన్. నీ కోపం నీ దగ్గరనే ఉంచుకో, నేను అడుగను. కాని ఈ ఉత్తరం చదివేటప్పుడు జర పక్కన పెట్టు.

జ్యోతీ, నేను మళ్ల నోరు తెరిచిన! పోయిన ఆదివారం పాస్టరయ్యకు జ్వరమొచ్చి ‘సాల్మన్, నువ్వే చెప్పాలె’ అన్నడు. లేసిన. మోషే గొర్లు కాసుకుంట పొద దగ్గరికి పోయిన కథ చెప్పిన. పొద మండుతున్నది, కాలిపోతలేదు. ‘ఆ మంట ఎక్కడో సీనాయి కొండ మీద ఆరిపోయిందనుకుంటున్నరా? వచ్చి నా పెరట్ల చూడున్రి! నా ఆనందమ్మ బట్టలుతికిన బండ పక్కన మండుతున్నది!’ అని అరిచిన. నా గొంతు నాకే భయమైంది. ఆడోళ్లు ఏడ్చిండ్రు. రాంచందర్ కూడ ఏడ్చిండు, వాని భార్య నాకు చెప్పింది. ఆరాధన అయినంక అందరు పెరట్లకు వచ్చిండ్రు. కిష్టవ్వ ఇంతల పువ్వుకు పసుపు కుంకుమ పెట్టి పోయింది. నేను కడిగితే ఆమె దడి అవతలి నుంచి ‘మీ పువ్వైనా మా పువ్వైనా మొలిపించినోడు ఒక్కడే కదా, ఎందుకు కడుగుతవ్’ అని తిట్టింది. మీ అక్క ఉంటే ఇద్దర్ని నవ్వుకుంట విడదీసేది.

దేవుడు నన్ను క్షమించిండని నేను చెప్పలేను, అది పెద్ద మాట. కాని ఆయన మొఖం నా దిక్కు తిప్పిండు. పువ్వు రూపంల తిప్పిండు. ఐదారు నెలలకు మొదటిసారి కడుపు నిండ తిన్న.

ఇంకో మాట. ఇది చదివి నువ్వు సంతోషపడాలె. తీగ మొదట్ల సిద్ధు జర మట్టి తీసి చూస్తే గడ్డ కనవడ్డది. అప్పుడు యాదికొచ్చింది! ఈస్టర్ ముందటి శ్రమకాలం ఉపవాసాల మొదట్ల నువ్వు మీ దిక్కు నుంచి అడవి గడ్డల సంచి పంపినవు కదా? మీ అక్క వండినన్ని వండి, మిగిలినయి బండ పక్కన పాతి పెట్టింది. ‘వానకు మొలుస్తయి, చెల్లెకు చూపిస్త’ అన్నది. అంటే ఈ పువ్వు నువ్వు పంపిందే. నీ చేత్తోని వచ్చింది, ఆమె చేత్తోని మట్టిల పడ్డది, దేవుడు నీళ్లు పోసిండు. నీకు నేనెట్ల ఋణం తీర్చుకుంట!

నవంబరుల కోత పండుగ ఉన్నది. అందరు గుమ్మడికాయలు, మక్కకంకులు, కోళ్లు తెచ్చి దేవుని ముంగట పెడుతరు. నేను ఈ గడ్డలు తవ్వి పెడుత. పెట్టి, తతిమ్మయాటి లెక్క వేలం వెయ్యను. అందరం కలిసి తినే ప్రేమవిందుల కూర వండించి సంఘానికి మనిషికొక ముక్క పెడుత. ఆనందమ్మ నాటిన పంట, అందరు తినాలె.

సిద్ధు తీసిన ఫోటో దీంట్ల పెట్టిన.

సాల్మన్


జైనూర్,
అక్టోబరు 3.

బావా,

ఫోటో చూసిన.

ఆ గడ్డలు తవ్వకు. విందుల అసలే పెట్టకు. తీగను మొదలంట పీకి దూరం పారేయించు, పీకినోళ్లు చేతులు కడుక్కోవాలె. కిష్టవ్వ మేకను అటు రానియ్యకు. ఈ పువ్వు ఇంట్ల ఉండుడు మంచిది కాదంటరు ఇక్కడ.

ఫోన్ చేసిన. నువ్వు ఎత్తినవు. నాకు ఏడుపొచ్చింది. నువ్వు ‘ఏడువకు బిడ్డా, కీర్తనలు చదువుకో’ అని పెట్టేసినవు.

చెప్పినట్టు చెయ్యి బావా. నీ కాళ్లు మొక్కుత.

జ్యోతి


చొప్పదండి,
అక్టోబరు 15.

జ్యోతిరాణికి,

నీ ఉత్తరం చదివి అన్నం పళ్లెం పక్కకు నూకిన.

మంచిది కాదంటరా? ఎవరంటరు? చదువుకున్నదానివి, బాప్తిస్మం పొందినదానివి, సోది చెప్పేటోళ్ల మాట పట్టుకొని నాకు ఉత్తరం రాస్తవా? ఏ చెట్టు ఇంట్ల ఉండాలె, ఏది ఉండొద్దు అని భయపడనీకేనా మీ తాత మిషన్ బంగ్లా మెట్ల మీద కూసుండి వాక్యం నేర్చింది? నేను నలభై ఊర్ల ఈ భయాల మీద ప్రసంగం చేసిన. నా మరదలే నాకు ఆ భయం పోస్టుల పంపింది!

లేదు, నాకు తెలుసు. అది భయం కాదు. నువ్వు నన్ను ఇంక క్షమించలే. మట్టి వేసిన నాడు నా నోరు గుంజుకున్నవు. ఇప్పుడు దేవుడు మళ్ల ఇచ్చిన ఒక్క గుర్తును గుంజుకోవాలని చూస్తున్నవు. నేను జర నవ్వితే మీ అక్కకు అన్యాయమైనట్టు నీకు కొడుతుందా?

నేను పీకను. పువ్వులు రాలినయి, కాయలు పట్టినయి, తీగ ఎండుతున్నది. కింద గడ్డలు ఊరినయి. నవంబరు రెండో ఆదివారం కోత పండుగ. వంటోళ్లకు చెప్పిన. ప్రార్థన నేనే చేస్త, మొదటి ముక్క నేనే తింట. నువ్వు వస్తే రా, లేకుంటే నీ ఇష్టం.

సాల్మన్


జైనూర్,
నవంబరు 2.

బావా,

ఈ ఉత్తరం రెండుసార్లు రాసిన. ఒకటి పోస్టుల వేసిన, ఒకటి కరీంనగర్ బస్సు నడిపే ఓంప్రకాశ్ అన్న చేతికిచ్చిన. ఏదైనా ఒకటి పండుగకు ముందు నీకు చేరాలె. సిద్ధుకు ఫోన్ చేసి గడ్డలు వంటకు పోకుండ చూడమన్న. ఎందుకో వానికి చెప్పలే. అది ముందుగాల నీకే చెప్పాలె.

ఆ పువ్వు పేరు అడిగినవు. అడవినాభి అంటరు. అగ్నిశిఖ అని కూడ పేరున్నది. దాని గడ్డల విషం ఉంటది.

నీ ఫోటో వచ్చిన నాడు నేను మా క్వార్టర్ వెనక దడి కాడికి పోయిన. మాఘంల అక్క కోసం గడ్డలు తవ్విన దడి అది. అప్పుడు తీగలన్ని ఎండి ఒకటే తీరుగ ఉండె, ఏది ఏదో తెలువకుండె. ఇప్పుడు పచ్చగున్నయి. తినే గడ్డ తీగ ఉన్నది. దాంట్ల కలిసి, అదే కట్టెను పట్టుకొని, నీ పువ్వు ఉన్నది. రెండు పక్కపక్కన పూసి ఉన్నయి.

తవ్విన. నాగలి మొన లెక్క వంకర తిరిగిన గడ్డ వచ్చింది. చూడంగనే గుర్తు పట్టిన. మాఘంల తవ్విననాడు అవి కొన్నే ఉండె బావా. సన్నగ, తెల్లగ, నున్నగ ఉండె. మంచియని ఏరి ఏరి అక్క సంచిల వేసిన. గరుకువి, బొచ్చు గడ్డలు నేను ఉంచుకున్న. నేను వండుకొని తిన్న, నాకేం కాలే. అందుకే నాకు అనుమానం కూడ రాలే. 

గడ్డ తీసుకొని ఇక్కడి దవాఖాన డాక్టరమ్మ దగ్గరికి పోయిన. అక్కకు ఎట్లెట్ల అయిందో చెప్పిన. మొదట వాంతులు విరేచనాలు, రెండో నాడు జర తేరుకున్నట్టు కనవడుడు, తర్వాత ఒంట్ల ఒక్కొక్కటి పనిచెయ్యకుండ పోవుడు. వెంట్రుకల సంగతి చెప్పంగనే ఆమె పెన్ను కింద పెట్టింది. ‘ఈ గడ్డ అట్లనే చేస్తదమ్మా’ అన్నది. ‘ఒక రోజు ముందు తెస్తే బతికేదా’ అని అడిగిన. గడ్డ సంగతి తెల్వకుండ ఎంత ముందు తెచ్చినా డాక్టర్లు ఏం చేస్తరు, చెప్పలేం అన్నది.

నీకు రాసిన ఆ చిన్న ఉత్తరం నాటికే నాకు తెలుసు. ‘మంచిది కాదంటరు’ అని రాసి వంక పెట్టిన. నువ్వు నన్ను సోది నమ్మేదాన్నని తిడితే, ఆ తిట్టు కింద దాక్కోవాలె అనిపించింది. నెల దాక్కున్న. కాని నువ్వు మొదటి ముక్క తింట అని రాసినవు.

మట్టి మీద నిలవడి ‘సంపినవు’ అని నీ మీద వేసిన నింద నీది కాదు బావా. అది నాది. నేను అరవంగ సంఘమంత నీ దిక్కు చూసింది. ఎనిమిది నెలలు ఆ చూపు నువ్వు మోసినవు. నీ పొదను కూడ నేనే ఆర్పుతున్న. నీకు మిగిలిందే అది అని తెలుసు.

నేను ఇంక మీ గడప తొక్క. అక్క ఫోటో ముంగట నిలవడనీకి నాకు మొఖం లేదు. నా చేతులు చూస్తే నాకే భయమైతుంది. పిల్లలకు టిఫిన్ వడ్డించుడు కూడ వేరే టీచర్‌కు అప్పజెప్పిన.

గడ్డలు పొయ్యిల వెయ్యి. కూరల వెయ్యకు. నీకు దండం.

జ్యోతి


చొప్పదండి,
నవంబరు 14.

జ్యోతీ,

ఓంప్రకాశ్ ఉత్తరం శుక్రవారం అందిచ్చిండు. బండ మీద కూసుండి చదివిన. చదివినంక సిద్ధును పిలిచి ఆ ఫోన్ల ఇంగ్లీషు ఇప్పుడు చదువు అన్న. విషమని మూడో వరుసలనే ఉన్నది. వాడు చదివి ఆగిండు, నా మొఖం దిక్కు చూడలే. నేను ఎప్పుడు అంతే కదా. నా వాక్యం నాకు దొరకంగనే చదువుడు ఆపుత.

గడ్డలన్ని తవ్విన. మట్టిల వెతికి వెతికి తీసిన. కాల్చి బూడిద కాలువ అవతల పాతిన. గింజలు పడ్డ మట్టి కూడ ఎత్తిన. ఇప్పుడు బండ పక్కన గుంత ఉన్నది.

పండుగ నాడు లేసిన. గుమ్మడికాయల వెనక నిలవడి, మండే పొద గురించి చెప్పిన ఆ నోటితోనే చెప్పిన. ‘అది పొద కాదు. అడవినాభి. ఆనందమ్మ తిన్నది దాని గడ్డనే. దాన్ని గుర్తు అన్నది నేను, దేవుడు అనలే.’ ఎవ్వరు ఆమెన్ అనలే. ఒక కోడి మాత్రం అరుస్తనే ఉండె. రాంచందర్ లేసి, ‘ఆ గడ్డ ఎవరు పంపిండ్రు’ అని అడిగిండు. అడవి పంపింది అన్న. మళ్ల అడిగిండు. అదే చెప్పిన.

ఇప్పుడు నీకు తెల్వని మాట చెప్త. మీ అక్క ఆ గడ్డలు వండిన శుక్రవారం పగలు నాకు ఉపవాసం. ఆమె ఒక్కతే పళ్లెం పెట్టుకున్నది. నన్ను ప్రార్థన చెయ్యమన్నది. చేసిన. ఆమె ఒక ముద్ద తిని మొఖం చిట్లించి, ‘చేదుగున్నది అయ్యగారూ’ అన్నది. నన్ను ఎక్కిరించాలంటే అట్లనే పిలుస్తది. నేను పారెయ్యమన్న. ‘ప్రార్థన అయినంక అన్నం పారేస్తరా? నువ్వే కదా ఊరూరు చెప్తవు’ అన్నది. నిజమే, నేనే చెప్పిన. ఆశీర్వదించిన అన్నం మెతుకు కూడ కింద పడొద్దని, కరువు చూసిన మా అవ్వ చెప్పితే నేను దాన్ని ప్రసంగం చేసిన. ఆమె ఉప్పేసుకొని, నీళ్లు తాగుకుంట మొత్తం తిన్నది. తిని, పళ్లెం నాకు చూపించింది. ‘చూడు, ఒక్క మెతుకు లేదు’ అన్నది.

ఎలీషా ప్రవక్త కాలంల ఒకడు తెల్వక అడవి కాయలు కోసుకొచ్చి కుండల వేసిండు. తినేటోళ్లు ‘కుండల చావున్నది’ అని కేకేసిండ్రు. ప్రవక్త పిండి తెమ్మని దాంట్ల వేసిండు, అందరు బతికిండ్రు. ఆ కాయలు కోసినోన్ని ఎలీషా ఒక్క మాట అనలే. వాని పేరు కూడ వాక్యంల లేదు. ఇన్నేండ్లు ఆ కథ చెప్పిన, ఈ సంగతి ఇప్పుడు చూసిన. కాని ఆనాడు నా ఇంట్ల కేక వేసినా వినేటోడు లేడు, నా చేతిల పిండి లేదు. నా దగ్గర ఉన్నది ప్రార్థన ఒక్కటే, దాన్నే ఆమె పళ్లెం మీద పెట్టిన.

నేను దేవుని మీద కోపం చెయ్యలే. చెయ్యనని కూడ అంటలేను. ఒక్క రాత్రిల మొలిచి వాడిపోయిన చెట్టు కోసం యోనా దేవునితోని కొట్లాడిండు. నాకు ఆ మాత్రం ఓపిక కూడ లేదు. కోత పండుగ అయినకాడి నుంచి ఇంట్ల పొయ్యి వెలిగించలే. కిష్టవ్వ రొట్టెలు పంపుతున్నది. పంపినోళ్ల చెయ్యి చూసి అనుమానపడుతున్న, ఆ ముసల్దాని చెయ్యిని! గింజుకొని గింజుకొని మింగుతున్న. ఇట్ల బతుకుడు నాతోని కాదు.

నువ్వు ‘మీ గడప తొక్క’ అన్నవు. తొక్కాలె. వచ్చి, మా ఇంట్ల పొయ్యి మీద, నీ చేత్తోని, నీకు తోచింది వండి పెట్టాలె. ఏం కూర అని నేను అడుగ. మీ అక్కకు మనం మిగిలింది ఇద్దరమే. ఒకల చేతి అన్నం ఒకలం తినకుంటే ఆమెకు ఇంక ఎవరున్నరు?

రా బిడ్డా.

బావ


జైనూర్,
నవంబరు 21.

బావా,

శనివారం పొద్దటి బస్సుకు వస్తున్న. బియ్యం, పప్పు, చింతపండు ఇక్కడి నుంచి ఏం తేను. అన్ని నీ ముంగటనే చొప్పదండి అంగట్ల కొందాం, నువ్వు చూస్తుండంగ వండుత.

నువ్వు కూసున్నంక పళ్లెం మీద చెయ్యి చాపకు. కండ్లు మూయకు. ముందు నేను ఒక ముద్ద తింట. తిని, నీ ఎదురుంగ కూసుంట. జరసేపు గడవనియ్యి. నాకేం కాలేదని నువ్వు చూసినంక, అప్పుడు ప్రార్థన చెయ్యి.

జ్యోతి